సి.కె. నాయుడు ఐపీఎల్ ఆడి ఉంటే? పిల్లలతో కలిసి చేసే ఒక లెక్క



ఐపీఎల్ నడిచే రోజుల్లో చాలా ఇళ్లలో ఒక వాదన వస్తుంది. తాతయ్యగారు సి.కె. నాయుడు పేరెత్తుతారు. నాన్నగారు అజహరుద్దీన్ మణికట్టు గురించి చెబుతారు. పిల్లవాడు ఫోన్ తీసి చూసి, "అజహర్ వన్డే స్ట్రైక్ రేట్ 74 అంతే నాన్నా! ఇప్పుడైతే టీమ్‌లోకే తీసుకోరు" అంటాడు. అక్కడితో వాదన ఆగిపోతుంది. పెద్దవాళ్లకు చిన్నబుచ్చినట్టు ఉంటుంది, పిల్లవాడికి గెలిచినట్టు ఉంటుంది.

ఆ వాదనను ఈ నెల మనం ఆపకుండా కొనసాగిద్దాం. అందులో ఆరో తరగతి పిల్లలు చేయగల లెక్క ఉంది, కొంత చరిత్ర ఉంది. చివర్లో మన పిల్లల మార్కులను మనం ఎలా చూస్తున్నాం అన్న విషయం కూడా ఉంది.

అంతర్వేదిలో రెండు గ్రౌండ్లు

అంతర్వేది పిల్లల ఆట చూస్తే ఈ విషయం సులువుగా అర్థమవుతుంది. ఊళ్లో కొబ్బరితోటల మధ్య, కాలవ పక్కన ఆడేటప్పుడు పిల్లలు పెట్టుకునే రూలు ఒకటే. బంతి కాలవలో పడితే అవుట్, పైగా కొట్టినవాడే దిగి తేవాలి. అక్కడ ఎవరూ గాల్లోకి లేపరు. బంతిని నేలమీదే, ఖాళీ చూసి తోస్తారు.

అదే పిల్లలు సాయంత్రం వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే వైపు బీచ్‌కి వెళితే ఆట మారిపోతుంది. పొడి ఇసకలో బంతి దొర్లదు, నేలమీద కొడితే నాలుగడుగుల్లో ఆగిపోతుంది. పరుగు కావాలంటే లేపి కొట్టాల్సిందే. పొద్దున కాలవ పక్కన ఒక్కటి కూడా లేపని పిల్లవాడు సాయంత్రం బీచ్‌లో ప్రతి బంతినీ లేపుతుంటాడు.

పొద్దున ఆట మాత్రమే చూసినవారు "వీడికి కొట్టడం రాదు" అంటారు. సాయంత్రం ఆట మాత్రమే చూసినవారు "వీడికి ఓపిక లేదు" అంటారు. ఇద్దరూ చూసింది నిజమే, తేల్చింది మాత్రం తప్పు. ఎందుకంటే వాళ్లు చూసింది పిల్లవాడిని కాదు, ఆ గ్రౌండు అతన్ని అడిగిన ప్రశ్నను.

పాత క్రికెటర్లను ఇరవై ఓవర్ల ఆటలో నిలబెట్టి చూసేటప్పుడు మనం చేసే పొరపాటూ ఇదే.

వికెట్ ధర ఎంత?

ఇప్పుడు లెక్క. పిల్లలను కాగితం, పెన్ను తెచ్చుకోమనండి.

టీ20లో ఒక జట్టుకు 20 ఓవర్లు, అంటే 120 బంతులు. చేతిలో 10 వికెట్లు. 120ని 10తో భాగిస్తే ఒక్కో వికెట్ వాటాకు 12 బంతులు వస్తాయి.

వన్డేలో 50 ఓవర్లు, 300 బంతులు. ఒక్కో వికెట్ వాటా 30 బంతులు.

టెస్టులో రోజుకు 90 ఓవర్ల చొప్పున ఐదు రోజులకు 450 ఓవర్లు, అంటే 2,700 బంతులు. రెండు జట్ల రెండేసి ఇన్నింగ్స్‌కు కలిపి 40 వికెట్లు. ఒక్కో వికెట్ వాటా సుమారు 67 బంతులు.

అంటే టెస్టులో వికెట్ ఖరీదైనది, బంతి చవక. టీ20లో బంతి ఖరీదైనది, వికెట్ చవక. టెస్టులో 30 బంతులాడి 25 పరుగులు చేస్తే మంచి ఆరంభం అంటాం. టీ20లో ఆ 30 బంతులు జట్టు మొత్తం బంతుల్లో నాలుగో వంతు. మిగతావాళ్లూ అదే వేగంతో ఆడితే జట్టు స్కోరు 100 దగ్గర ఆగిపోతుంది.

బౌలర్ల లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. సి.కె. నాయుడుగారి తమ్ముడు సి.ఎస్. నాయుడు లెగ్‌స్పిన్నర్. 1944-45 రంజీ ట్రోఫీ ఫైనల్లో బొంబాయి మీద హోల్కర్ తరఫున ఆయన రెండు ఇన్నింగ్స్‌లోనూ కలిపి 917 బంతులు వేశారు. టీ20లో ఒక బౌలర్‌కు దొరికేది 4 ఓవర్లు, 24 బంతులు. 917ని 24తో భాగించండి, 38 దాటుతుంది. ఈనాటి బౌలర్ 38 మ్యాచ్‌లలో వేసే బంతులు ఆయన ఒక్క మ్యాచ్‌లో వేశారన్నమాట. ఆయనను టీ20లోకి తెస్తే ఆ ఓర్పుకు అక్కడ పని ఉండదు. ఈనాటి బౌలర్‌ను ఆ మ్యాచ్‌లోకి పంపితే ఎన్ని బంతులకు అలసిపోతాడో ఆలోచించమనండి.

ప్రశ్న మారితే జవాబు మారుతుంది

1975 జూన్ 7న మొదటి ప్రపంచ కప్ మొదలైంది. లార్డ్స్‌లో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 పరుగులు చేసింది. జవాబుగా సునీల్ గావస్కర్ ఆ ఓవర్లన్నీ క్రీజులోనే ఉండి, 174 బంతుల్లో 36 పరుగులతో నాటౌట్‌గా మిగిలారు. వంద బంతులకు 21 పరుగులు కూడా లేవు. ఈ ఒక్క ఇన్నింగ్స్ చూపించి ఆయన ఈ ఆటకు పనికిరారని తేల్చేయవచ్చు.

కానీ 1987 అక్టోబర్ 31న నాగపూర్‌లో, మళ్లీ ప్రపంచ కప్‌లోనే, న్యూజిలాండ్ మీద అదే గావస్కర్ 88 బంతుల్లో 103 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. గ్రూపులో మొదటి స్థానం కావాలంటే ఆ రోజు గెలిస్తే చాలదు, వేగంగా గెలవాలి. ఈసారి వంద బంతులకు 117 పరుగులు. అప్పటికి ఆయన వయసు 38.

మనిషి అతనే. పన్నెండేళ్లలో వన్డే ఆటంటే ఏమిటో అందరికీ తెలిసివచ్చింది. ఆ రోజు జట్టు ఆయనను అడిగింది కూడా వేరు. సగటు అంకె ఒక ఆటగాడిని ఆ కాలం ఏమి అడిగిందో చెబుతుంది. అతను ఇంకా ఏమి చేయగలడో తెలియాలంటే, ప్రశ్న మారిన రోజున ఏమి చేశాడో చూడాలి.

ఇప్పుడు మన తెలుగువాళ్ల దగ్గరికి వద్దాం.

సి.కె. నాయుడు

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టినప్పుడు 58 ఏళ్ల వయసులో ఆ జట్టుకూ ఆడారు.

ఆయన ఆడిన టెస్టులు ఏడే. చేసిన పరుగులు 350, సగటు 25. ఫోన్‌లో ఈ అంకెలు చూసిన పిల్లవాడికి గొప్పగా ఏమీ అనిపించదు. కానీ 1926లో బొంబాయి జింఖానా మైదానంలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూస్ జట్టు తరఫున ఆయన 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. అంటే 66 పరుగులు సిక్సర్ల ద్వారానే వచ్చాయి. ఆ రోజుల్లో హెల్మెట్ లేదు. బ్యాట్లు ఇప్పటిలా మందంగా ఉండేవి కావు. కొట్టకపోతే ఓడిపోతామనే ఓవర్ల పరిమితి కూడా లేదు. ఎవరూ అడగకుండానే ఆయన అలా ఆడారు.

ఇరవై ఓవర్ల ఆటలో ఆయన ఎలా ఆడేవారు? పాతవాళ్లలో ఎవరి గురించైనా ధైర్యంగా "ఆడేవారు" అనగలిగితే, అది ముందుగా ఆయన గురించే అనాలి. లేపి కొట్టే అలవాటు, దానికి కావలసిన ధైర్యం రెండూ ఆయనకు ముందే ఉన్నాయి. ఆయన కొత్తగా నేర్చుకోవలసింది ఈనాటి బౌలర్ల తెలివి. ఒక్కో బ్యాట్స్‌మన్ కోసం వీడియో చూసి వేసే పథకం 1926లో ఆయనకు ఎదురుకాలేదు.

మహమ్మద్ అజహరుద్దీన్

పిల్లవాడు ఫోన్‌లో చూసిన 74 నిజమే. అజహర్ 334 వన్డేల్లో 9,378 పరుగులు చేశారు, స్ట్రైక్ రేట్ 74. కానీ 1988 డిసెంబర్ 17న బరోడాలో న్యూజిలాండ్ 279 పరుగుల లక్ష్యం పెట్టింది. ఆ రోజుల్లో అది కొండంత స్కోరు. అజహర్ 62 బంతుల్లో సెంచరీ కొట్టి, 65 బంతుల్లో 108తో నాటౌట్‌గా నిలిచారు. భారత్ 2 వికెట్లతో గెలిచింది. అప్పటికి వన్డేల్లో అదే అత్యంత వేగమైన సెంచరీ. 1996లో జయసూర్య 48 బంతుల్లో కొట్టేదాకా ఆ రికార్డు నిలిచింది.

65 బంతుల్లో 108 అంటే వందకు 166. ఈనాటి టీ20లో కూడా అది మంచి వేగమే. పైగా అజహర్ బలం కండబలం కాదు, మణికట్టు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని లెగ్ సైడ్ ఖాళీలోకి తిప్పగలిగేవారు. ఫీల్డర్లను ఎక్కడ పెట్టాలో తెలియకుండా చేయడం ఇప్పటి ఆటలో చాలా విలువైన విద్య. ఫీల్డింగ్‌లోనూ ఆయన తన కాలం కంటే ముందున్నారు.

వి.వి.ఎస్. లక్ష్మణ్

నాయుడు, అజహర్ విషయంలో మనం ఊహిస్తున్నాం. లక్ష్మణ్ విషయంలో ఊహ అక్కరలేదు. ఆయన నిజంగానే ఐపీఎల్ ఆడారు.

2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద ఫాలో ఆన్ ఆడుతూ ఆయన చేసిన 281 పరుగులు మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ గుర్తే. 452 బంతులు, 44 ఫోర్లు, ఒక్క సిక్సర్ కూడా లేదు. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా ఆ మ్యాచ్ ఓడిపోయింది. అదే లక్ష్మణ్ ఒక్క వన్డే ప్రపంచ కప్ కూడా ఆడలేదు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ చార్జర్స్‌కు కెప్టెన్. అప్పటికి వయసు 33. మొత్తం 20 ఐపీఎల్ మ్యాచ్‌లలో 282 పరుగులు చేశారు.

ఈ అంకెలను దాచి ఆయనను పొగడడం సరికాదు. ఇరవై ఓవర్ల ఆట ఆయనకు అచ్చిరాలేదు. టెస్టులో ఒక్క ఇన్నింగ్స్‌లో 281, ఐపీఎల్‌లో మొత్తం 282. ఈ రెండు అంకెలూ ఒకే మనిషివి. ఏ ఒక్కదాన్ని చూసినా ఆయన గురించి సగమే తెలుస్తుంది.

ఇంకో విషయం. లీగ్ మొదలైనప్పుడు సొంత ఊరి స్టార్‌కు "ఐకాన్ ప్లేయర్" హోదా, దానితో పెద్ద పారితోషికం ఉండేవి. వేలంలో మంచి ఆటగాళ్లను కొనడానికి జట్టుకు డబ్బు మిగలాలని లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నారు. మరుసటి ఏడాది, 2009లో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఆ జట్టు కప్పు గెలిచింది. స్కోరు పుస్తకంలో ఈ నిర్ణయానికి పరుగులు రాయరు.

మిథాలీ రాజ్

ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ పేరు కూడా చెప్పండి. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ 2002లో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో టెస్టు డబుల్ సెంచరీ చేశారు, 214 పరుగులు. ఓపికకు పేరుపడ్డ ఆమే 2018లో అంతర్జాతీయ టీ20ల్లో 2,000 పరుగులు దాటారు. అప్పటికి మన దేశంలో మగవాళ్లలో కూడా ఎవరూ ఆ అంకె చేరలేదు. 2019లో ఆమె టీ20ల నుంచి తప్పుకుని వన్డేల మీద దృష్టి పెట్టారు. నేర్చుకోవడం ఒక తెలివి. ఏ ఆటలో తన బలం ఉందో చూసుకుని ఎంచుకోవడం ఇంకో తెలివి.

పోల్చాలంటే ఎలా పోల్చాలి?

వేరువేరు కాలాల ఆటగాళ్లను పోల్చకూడదని కాదు. పోల్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఆ ఆటగాడిని ఆ రోజు అదే మైదానంలో ఆడినవాళ్లతో పోల్చాలి. ఆ తరువాతే కాలం దాటాలి.

బరోడాలో న్యూజిలాండ్ 50 ఓవర్లలో 278 చేసింది. 300 బంతులకు 278, అంటే వందకు సుమారు 93. అజహర్‌ది వందకు 166. 166ని 93తో భాగిస్తే దాదాపు 1.8. ఎదుటి జట్టు మొత్తం ఆడిన వేగానికి ఆయన దాదాపు రెట్టింపు వేగంతో ఆడారు.

2024 ఏప్రిల్ 15న బెంగళూరులో మన సన్‌రైజర్స్ 20 ఓవర్లలో 287 చేసింది. ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102. వందకు 249. ఆ రోజు ఎదుటి జట్టు బెంగళూరు కూడా 120 బంతుల్లో 262 చేసింది, అంటే వందకు 218. 249ని 218తో భాగిస్తే 1.14.

దీన్నిబట్టి హెడ్ కంటే అజహర్ గొప్ప అని తేల్చకూడదు. ఒక్కో మ్యాచ్ మాత్రమే తీసుకున్నాం, పైగా ఒకటి వన్డే, ఒకటి టీ20. ఈ లెక్క చెప్పేది ఒక్కటే: 166 అనే అంకె 1988లో ఎంత పెద్దదో 2024 కళ్లతో చూస్తే తెలియదు. 1975లో ఇంగ్లండ్‌కు 334 పరుగులకు 60 ఓవర్లు పట్టాయి. ఇప్పుడు 20 ఓవర్లలోనే 287 వస్తున్నాయి. కొలబద్దే మారిపోయింది.

మన పిల్లల విషయానికి వస్తే

పేరెంట్స్ మీటింగుల్లో మేము తరచూ వినే మాట ఒకటుంది. "వీడు స్లో అండి. వాళ్ల అక్కయ్య అలా కాదు." పక్కనే నిలబడ్డ పిల్లవాడు తల దించుకుంటాడు. ఆ మాటకు ఆధారం మేము పంపిన వీక్లీ టెస్ట్ ర్యాంకే కాబట్టి, ఇందులో మా వంతు కూడా ఉంది.

పరీక్షలకూ ఫార్మాట్లు ఉన్నాయి. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. తప్పు జవాబుకు మార్కు పోదు. అంటే అక్కడ వికెట్ ధర సున్నా, వదిలేసిన బంతే నష్టం. జేఈఈ మెయిన్‌లో అదే 180 నిమిషాల్లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 144 సెకన్లు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. అక్కడ వికెట్‌కు ధర ఉంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పెద్ద జవాబు వరుసగా, అర్థమయ్యేలా రాయాలి. అది టెస్టు ఇన్నింగ్స్.

వీక్లీ టెస్టులో వెనకబడ్డ పిల్లవాడు లెక్కను నాలుగు మెట్లలో తప్పు లేకుండా చేయగలిగితే, అతనికి లెక్కలు రావనడం సరికాదు. అతను కాలవ పక్కన ఆడడం నేర్చుకున్నాడు, బీచ్‌లో ఆడడం నేర్చుకోవాలి. దానికి టైమ్ పెట్టుకుని సాధన చేయించాలి. ఏ ప్రశ్న వదలాలో నేర్పాలి. అవి నేర్పగలిగేవే. "స్లో" అనే ముద్ర ఒకసారి పడితే మాత్రం తీయడం కష్టం.

అలాగే టెస్టులో ఎప్పుడూ ముందుండే పిల్లలున్నారు. చకచకా గుర్తులు పెట్టేస్తారు, పది వాక్యాలు రాయమంటే ఆగిపోతారు. వాళ్ల ర్యాంకు చూసి మనం నిశ్చింతగా ఉంటాం. వాళ్లకు కాలవ పక్కన ఆట నేర్పాలి.

అన్నీ అందరికీ వస్తాయని కాదు. లక్ష్మణ్‌కు టీ20 రాలేదు, అందువల్ల కోల్‌కతా 281 చిన్నదైపోలేదు. ప్రయత్నించిన తరువాత కూడా ఒక పద్ధతి పిల్లవాడికి పడకపోతే, అతని బలం ఎక్కడుందో వెతకడం మన పని.

ఇంట్లో చేసి చూడండి

1. తాతయ్య లేదా నాన్నకు ఇష్టమైన పాత ఆటగాడి ఇన్నింగ్స్ ఒకటి ఎంచుకోండి. పరుగులను బంతులతో భాగించి 100తో గుణించండి. అదే మ్యాచ్‌లో ఎదుటి జట్టు వేగం కూడా కట్టండి. మొదటి అంకెను రెండోదానితో భాగించండి. జవాబు 1 దాటితే ఆయన ఆ రోజు ఎదుటి జట్టు కంటే వేగంగా ఆడినట్టు.

2. నాయుడుగారి 153లో ఆయన ఆడిన బంతుల లెక్క మన దగ్గర లేదు, నిమిషాలు ఉన్నాయి. 116 నిమిషాల్లో 153 అంటే గంటకు ఎన్ని పరుగులు? బంతులు తెలియకుండా స్ట్రైక్ రేట్ ఎందుకు చెప్పలేమో పిల్లలను వివరించమనండి.

3. ఆదివారం ఒకే ఆటను రెండు రూళ్లతో ఆడించండి. మొదట "గాల్లోకి లేస్తే అవుట్", తరువాత "నేలమీద కొడితే పరుగు లేదు". రెండింటిలోనూ ఒకే పిల్లవాడు ముందున్నాడా?

4. ఈ నెల ప్రోగ్రెస్ రిపోర్టు రాగానే ర్యాంకు కంటే ముందు మీ అబ్బాయిని లేదా అమ్మాయిని ఒక మాట అడగండి: "ఈ పరీక్ష నిన్ను ఏం అడిగింది?" జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.

ఆ జవాబును వచ్చే పేరెంట్స్ మీటింగుకు తీసుకురండి. ర్యాంకు పక్కన దాన్ని కూడా పెట్టుకుని మాట్లాడుకుందాం.